అర మిల్లీమీటరులో ఆయుష్షు!

పొలంలో మోటారు ఆగింది. స్టార్టరు డబ్బాలో బోర్డు పోయింది. బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. వేయాల్సిన ఐసీ ఉంది. అయినా ఒక్కోసారి ఆ బోర్డు బతకదు. ఎందుకంటే... ఎక్కడో ఎవరో దాన్ని గీసేటప్పుడు రాగిని అర మిల్లీమీటరు తగ్గించారు!

మిరప తోటకు తడి పెట్టాల్సిన రోజులు. జగ్గయ్యపేటలో ఓ చిన్న రిపేరు కొట్టు. మోటారుసైకిలు దిగిన రైతు తువ్వాలులో చుట్టి తెచ్చిన బోర్డును బల్లమీద పెట్టాడు.

‘‘అబ్బాయ్, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. రేపు కరెంటొచ్చేసరికి మోటారు తిరక్కపోతే తోట వాడిపోద్ది.’’

మెకానిక్ బోర్డును దీపం కిందకు తెచ్చి అటూ ఇటూ తిప్పాడు.

‘‘ఐసీ పోయింది బాబాయ్. అది నా దగ్గర ఉంది. కానీ దీన్ని ఊడదీస్తే కింద రాగి కూడా లేచొచ్చేట్టుంది. అదే భయం.’’

ఇది ఏ ఒక్కరి కథో కాదు. మనుషులు మారతారు, పంట మారుతుంది. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో రిపేరు కొట్టు దగ్గర ఓ పూట కూర్చుంటే ఇలాంటి మాటలు చెవినపడతాయి. నిన్నటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. పత్తి, మిరప పండే నేల. సాగర్ ఎడమ కాల్వ నీళ్లు అందినచోట కాల్వ, అందనిచోట బోరు, లేదంటే వాగు మీద మోటారు. వ్యవసాయ కరెంటు రోజంతా ఉండదు. ఉన్న గంటల్లోనే నీళ్లు పారాలి. అందుకే కరెంటు రాగానే తనంతట తానే మోటారును నడిపే ఆటో స్టార్టర్లు, ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేస్తే కదిలే మొబైల్ స్టార్టర్లు పొలాల్లోకి వచ్చాయి. వాటి గుండెకాయ అరచేతంత బోర్డు.

ఆ గుండెకాయకు శత్రువులు చాలామందే. పిడుగులు, వోల్టేజీ హెచ్చుతగ్గులు, సింగిల్ ఫేజింగ్, డబ్బాలో దూరే బల్లులు, చీమలు. వాటికి తోడు వరదలు. 2023 జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్-విజయవాడ హైవేనే ఆగిపోయింది. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ ఈ ప్రాంతాన్ని వరద ముంచెత్తింది. హైవేకే దిక్కులేనప్పుడు వాగు ఒడ్డున స్టార్టరు డబ్బాల సంగతి వేరే చెప్పాలా!

బోర్డు పాడవడం తప్పదు. మరి బాగుపడుతుందా, తుక్కులోకి పోతుందా? ఆ సంగతి చాలావరకు దాన్ని గీసిన రోజే తేలిపోతుంది.

పాదం లేని పాదముద్ర

ఎలక్ట్రానిక్స్ డిజైనర్లు ‘ఫుట్‌ప్రింట్’ అనే మాట వాడతారు. అంటే పాదముద్రే. ఈ నేలకు ఆ మాట కొత్త కాదు. అమరావతి శిల్పాల్లో బుద్ధుడు ఉండాల్సిన చోట పాదముద్రలు చెక్కారు కదా! జగ్గయ్యపేట దగ్గర ధనబోడు మీది స్తూపమూ ఆ బౌద్ధ కాలపు గుర్తే. శిల్పంలో మనిషి కనిపించడు, ఆయన నిలిచిన చోటు కనిపిస్తుంది. బోర్డు మీద ఫుట్‌ప్రింట్ కూడా అలాంటిదే. విడిభాగం ఇంకా రాలేదు. అది వచ్చి నిలబడాల్సిన చోటు మాత్రం సిద్ధంగా ఉంటుంది.

ఆ చోటులో ఏముంటాయి? ఒక్కో కాలికి ఒక్కో రాగి ముక్క. దాన్నే ప్యాడ్ అంటారు. ప్యాడ్‌కీ ప్యాడ్‌కీ మధ్య సోల్డర్ అంటుకోకుండా ఆపే పచ్చ పూత. ఏది ఎటు తిప్పి పెట్టాలో చెప్పే తెల్లటి అచ్చు. పక్క భాగం మీదకు రాకుండా చుట్టూ కొంత ఖాళీ. ఈ నాలుగూ కలిస్తే ఫుట్‌ప్రింట్. గీసేవాడు వీటిని ఒక్కసారే గీస్తాడు. దాని ఫలితం మాత్రం వేల బోర్డుల్లోకి వెళ్తుంది. ఊళ్లో ఎవరో వాటిని ఏళ్ల తరబడి భరించాలి.

మరకు సరే... మనిషికో?

1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లుకు చెందిన శాస్త్రవేత్త ఏఎస్ రావు దానికి ఆద్యుడు. ఈసీ టీవీల కాలంలో విడిభాగాలకు పొడవాటి కాళ్లుండేవి. వాటిని బోర్డు కన్నాల్లో దూర్చి, కింద సోల్డర్ పెట్టేవారు. ఐసీ కాలికీ కాలికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు. చత్వారం వచ్చినవాళ్లకూ కనిపించేంత దూరం! మన ఊళ్లలో పాతతరం మెకానిక్కుల చేతులు అలాంటి బోర్డుల మీదే తిరిగాయి.

1980ల నుంచి కాళ్లు కురచయ్యాయి. కన్నాలు పోయాయి. భాగాలు బోర్డుపైనే కూర్చోవడం మొదలుపెట్టాయి. 0805 రకం రెసిస్టర్ పొడవు 2 మిల్లీమీటర్లు. 0603 రకం 1.6. 0402 అయితే పొడవు ఒక మిల్లీమీటరు, వెడల్పు అర మిల్లీమీటరు. తుమ్మితే ఎగిరిపోయే సరుకు!

మరకు ఇదేమీ కష్టం కాదు. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ షియోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. అలాంటి ఫ్యాక్టరీల్లో సన్నటి జల్లెడలాంటి రేకు లోంచి ప్యాడ్ల మీద సోల్డర్ పేస్టు పూస్తారు. యంత్రం భాగాలను తీసి టకటకా పెట్టేస్తుంది. బోర్డు మొత్తం ఓవెన్లోకి వెళ్తుంది. పేస్టు కరిగి, చల్లారి అతుక్కుంటుంది. ఇక్కడ ఐరన్ ఎక్కడా తగలదు. కాబట్టి ప్యాడ్‌ను విడిభాగం అంచుదాకా కుదించేసినా ఓవెన్‌కు పట్టింపు లేదు.

జగ్గయ్యపేట కొట్టులో ఓవెన్ ఉండదు. ఐరన్ ఉంటుంది, మహా అయితే వేడిగాలి ఊదే బ్లోయర్ ఉంటుంది. ఐరన్ మొన ఒకేసారి రెండింటిని తాకాలి. ఒకటి విడిభాగం కాలు, రెండోది ప్యాడ్. ప్యాడ్ పూర్తిగా భాగం కిందే దాక్కుంటే మొనను ఎక్కడ ఆనించాలి? అప్పుడే మెకానిక్ గట్టిగా నొక్కుతాడు, ఎక్కువసేపు కాలుస్తాడు. రాగిని బోర్డుకు పట్టి ఉంచే బంక మెత్తబడుతుంది. ప్యాడ్ పొరలా లేచిపోతుంది. తప్పు చేతిది కాదు, చోటుది.

మూడు కొలతలు

మరి ప్యాడ్ ఎంత బయటికి రావాలి? దీనికో లెక్క ఉంది. 2005లో ఐపీసీ అనే సంస్థ 7351 నంబరుతో ఓ ప్రమాణం తెచ్చింది. ఒకే విడిభాగానికి మూడు రకాల పాదముద్రలు గీయవచ్చని అది చెప్పింది. చోటు ధారాళంగా ఉన్న బోర్డుకు ఒకటి, మామూలు బోర్డుకు ఒకటి, ఇరుకు బోర్డుకు ఒకటి. అందులో మాటలు కూడా తమాషాగా పాదానివే. కాలి ముందు వైపు మిగిలే సోల్డర్ ‘బొటనవేలు’, వెనక వైపుది ‘మడమ’.

0603, అంతకన్నా పెద్ద చిప్ రెసిస్టర్లకు బొటనవేలి వైపు ఉండాల్సిన కొలత... ధారాళమైన రకంలో 0.55 మిల్లీమీటర్లు, మామూలు రకంలో 0.35, ఇరుకు రకంలో 0.15. చుట్టూ వదలాల్సిన ఖాళీ కూడా వరసగా 0.5, 0.25, 0.1 మిల్లీమీటర్లు. మొదటి రకంలో ఐరన్ మొనకు ఆనుకోవడానికి మెట్టు ఉంటుంది. మూడో రకంలో అది దాదాపు ఉండదు. పైన చెప్పిన ‘అర మిల్లీమీటరు’ ఇదే!

ఉచితంగా దొరికే కైక్యాడ్ లాంటి సాఫ్ట్‌వేరులో రెసిస్టర్లకు, కెపాసిటర్లకు పేరు చివర ‘హ్యాండ్‌సోల్డర్’ అని ఉండే పాదముద్రలు సిద్ధంగా ఉన్నాయి. వాటి ప్యాడ్లు కాస్త పొడవు. కొత్తగా ఏమీ గీయనక్కర్లేదు. జాబితాలో పక్క పేరు ఎంచుకుంటే చాలు.

వేడి దొంగలు

ప్యాడ్ పొడవు ఒక్కటే సరిపోదు. కొన్ని ప్యాడ్లు ఎంత కాల్చినా సోల్డర్ కరగదు. అలాంటి ప్యాడ్‌ను నేరుగా పెద్ద రాగి పరుపుకు కలిపేసి ఉంటారు. ఐరన్ ఇచ్చే వేడినంతా ఆ పరుపు లాగేస్తుంది. పాత తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరిగేది. 2006 జులైలో ఐరోపా సీసాన్ని కట్టడి చేశాక ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడుతున్న సీసం లేని సోల్డర్ కరగడానికి 217 డిగ్రీలు కావాలి. దాంతో ఈ ఇబ్బంది ఇంకా పెరిగింది.

దీనికి విరుగుడు సులువే. ప్యాడ్ చుట్టూ సన్నటి కందకం వదిలి, బండి చక్రానికి ఆకుల్లా నాలుగు చిన్న వంతెనలతో పరుపుకు కలపాలి. కరెంటు వెళ్తుంది, వేడి మాత్రం నెమ్మదిగా వెళ్తుంది. దీనివల్ల ఫ్యాక్టరీకీ లాభమే. చిన్న రెసిస్టర్‌కు ఒకవైపు పరుపు, ఇంకోవైపు సన్నటి గీత ఉంటే ఓవెన్లో ఒక వైపు ముందు కరుగుతుంది. కరిగిన వైపు లాగేసరికి రెండో కొస గాల్లోకి లేచి, సమాధి రాయిలా నిలబడుతుంది. ఫ్యాక్టరీవాళ్లు దాన్ని ‘టూంబ్‌స్టోనింగ్’ అనేది అందుకే. వేడి రెండువైపులా సమానంగా ఉంటే ఆ బెడద తగ్గుతుంది. మెకానిక్‌కు మేలు చేసే గీత చాలాసార్లు ఫ్యాక్టరీకీ మేలు చేస్తుందన్నమాట.

కన్నం ఇరుకైతే...

స్టార్టరు బోర్డులో రిలేలు, ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కెపాసిటర్లు ఇప్పటికీ కాళ్లతోనే వస్తాయి. పోయేవాటిలో అవి కూడా ఎక్కువే. కన్నం కాలికి మరీ బిగుతుగా ఉంటే ఫ్యాక్టరీలో ఎలాగో దూరుస్తారు. తీసేటప్పుడే నరకం. సక్కర్‌తో ఎంత పీల్చినా గోడకు కాస్త సోల్డర్ మిగిలి కాలు కదలదు. లాగితే కన్నం లోపలి రాగి పూత కూడా ఊడొస్తుంది. కాలి మందం మీద పావు మిల్లీమీటరు ఎక్కువ ఉంటే ఈ బాధ తప్పుతుంది. కాలు నలుచదరంగా ఉంటే మూల నుంచి మూలకు కొలవాలి. 0.64 మిల్లీమీటర్ల చదరపు కాలికి ఆ కొలత 0.9 అవుతుంది. కొత్తగా గీసేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే.

చవక బోర్డులతో మరో చిక్కు. కాగితాన్ని జిగురులో తడిపి చేసిన గోధుమరంగు బోర్డులు మీరు చూసే ఉంటారు. వాటిలో రాగి ఒకవైపే. కన్నం లోపల పూత ఉండదు. ప్యాడ్‌ను పట్టి ఉంచేది అడుగున ఉన్న బంక ఒక్కటే. రెండుసార్లు కాలిస్తే లేచిపోతుంది. అలాంటి బోర్డులో కన్నం చుట్టూ రాగి ఉంగరం వెడల్పుగా, గీత కలిసేచోట కన్నీటి చుక్క ఆకారంలో ఉంటే ఆ పట్టు పెరుగుతుంది.

తల ఏది... తోక ఏది?

ఇంకో చిక్కు తెల్ల అచ్చుది. సిలిండరులా ఉండే అల్యూమినియం కెపాసిటర్ మీద గీత ఉన్న వైపు మైనస్. పసుపు పెట్టెలా ఉండే టాంటలం చిప్ మీద గీత ఉన్న వైపు ప్లస్! డయోడ్ మీద గీత ఉంటే అది క్యాథోడ్. మాడి మసైన భాగం మీద గీత కనిపించదు. అప్పుడు మెకానిక్‌కు బోర్డు మీది గుర్తే దిక్కు. ఆ గుర్తును భాగం కడుపు కింద అచ్చేస్తే ఏం లాభం? భాగం పెట్టాక కూడా కనిపించేలా పక్కనే ఉండాలి. ఐసీకి ఒకటో కాలు ఎక్కడో చెప్పే చుక్కదీ అదే సంగతి.

ట్రాన్సిస్టర్లది మరో తమాషా. బీసీ547, పీఎన్2222... రెండూ చూడటానికి కవలలే. కాళ్ల వరస మాత్రం తలకిందులు. ప్యాడ్ల పక్కన ఏ కాలు ఏదో ఒక్కో అక్షరం వేస్తే పొరపాటు జరగదు.

ఒకటి దొరక్కపోతే ఇంకోటి

విడిభాగం కోసం విజయవాడో హైదరాబాదో వెళ్లేసరికి ఓ రోజు పోతుంది. అందుకే తెలివైన డిజైనర్లు ఒకే చోట రెండు పాదముద్రలు గీస్తారు. కురచ కాళ్ల కెపాసిటర్‌కు ప్యాడ్లు, వాటి పక్కనే పొడవు కాళ్లదానికి కన్నాలు. ఏది దొరికితే అది వేసుకోవచ్చు. 2020 తర్వాత ప్రపంచమంతా చిప్‌ల కరవు వచ్చినప్పుడు పెద్ద కంపెనీలు కూడా ఈ దారి పట్టాయి. సొరుగులో ఉన్నదాంతోనే పని కానిచ్చే ఊరి మెకానిక్‌కు మాత్రం ఆ కరవు ఎప్పుడూ ఉన్నదే!

ఏదీ ఊరికే రాదు

‘ఇంత సులువైతే అందరూ పెద్ద ప్యాడ్లే వేయొచ్చుగా’ అంటారా? ఇబ్బందులున్నాయి. ప్యాడ్లు పెరిగితే బోర్డు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. మరీ పొడవైతే ఓవెన్లో సోల్డర్ కరిగినప్పుడు చిన్న భాగాలు పక్కకు జారతాయి. స్టార్టరులో మూడు ఫేజుల మధ్య 415 వోల్టులు ఉంటాయి. అక్కడ ప్యాడ్లు పెంచుతూ పోతే మధ్య దూరం తగ్గి, తేమ పట్టినప్పుడు నిప్పు రవ్వలు లేస్తాయి. ఫోన్లో అయితే చోటే లేదు.

కానీ స్టార్టరు డబ్బా ఫోన్ కాదు కదా! అందులో చెయ్యి పెట్టేంత ఖాళీ ఉంటుంది. అయినా దానిలో బోర్డు ఫోన్ బోర్డులా ఇరుకిరుకుగా కనిపిస్తే... అది అవసరం కాదు, అలవాటు. కొన్నిటి మీద నల్లటి ఎపాక్సీ పోసేస్తారు. తేమ నుంచి కాపాడేందుకు అది మంచిదే. ఆ తర్వాత పాదముద్ర ఎంత బాగున్నా మెకానిక్ దాన్ని చేరలేడు. తేమ ఆపాలి, బాగుచేయడానికీ వీలుండాలి అంటే గీరితే పోయే పలుచటి పూత నయం.

కాగితం పరీక్ష

కంచికచర్ల, నందిగామ వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టుల కోసం బోర్డులు గీస్తుంటారు. వాళ్లకు పైసా ఖర్చు లేని చిట్కా ఒకటుంది. బోర్డు ఆర్డరు ఇచ్చేముందు దాన్ని అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీయాలి. చేతిలో ఉన్న భాగాలను దానిమీద పెట్టి చూడాలి. కాళ్లు ప్యాడ్ల మీద కూర్చున్నాయా? ప్యాడ్ కొస బయటికి కనిపిస్తోందా? ఐరన్ మొన పక్క భాగానికి తగలకుండా అక్కడికి చేరుతుందా? ఈ మూడు ప్రశ్నలకూ అవునని వస్తే సగం గెలిచినట్టే.

ఈ పరీక్ష చేయకపోతే జరిగే తప్పు ఒకటుంది. అద్దంలో చూసినట్టు పాదముద్ర తిరగబడుతుంది. అప్పుడు ఐసీని వెల్లకిలా తిప్పి, ఒక్కో కాలికీ సన్నటి వైరు అతికించాలి. చూడటానికి కాళ్లు పైకెత్తి చచ్చిన పురుగులా ఉంటుంది. ఇంజినీర్లు దాన్ని నిజంగానే ఆ పేరుతోనే పిలుస్తారు!

బోర్డు గీసేవాళ్ల కోసం...

* చోటు ఉన్నప్పుడు 0402 వద్దు. 0805, తప్పకపోతే 0603 వాడండి.
* తరచూ పోయే భాగాలకు, అంటే రిలే, కెపాసిటర్, కరెంటు వచ్చేచోట ఉండే భాగాలకు పొడవు ప్యాడ్లు ఇవ్వండి.
* రాగి పరుపుకు కలిసే ప్యాడ్లకు చక్రం ఆకుల్లాంటి వంతెనలు పెట్టండి.
* ఐసీ కాళ్ల మధ్య పచ్చ పూత గట్టు తప్పనిసరి. సోల్డర్ పక్క కాలికి పాకదు.
* కడుపు కింద ప్యాడ్ ఉండే ఐసీ అయితే దాని కింద పెద్ద కన్నం ఇవ్వండి. వెనక నుంచి ఐరన్‌తో వేడి చేయొచ్చు.
* ప్లాస్టిక్ కనెక్టర్ల పక్కన ఐసీలు వద్దు. బ్లోయర్ పెడితే ప్లాస్టిక్ కరిగిపోతుంది.
* ప్లస్, మైనస్, ఒకటో కాలు గుర్తులు భాగం పెట్టాక కూడా కనిపించాలి.

హక్కు ఉంది... చోటు ఉందా?

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు... ఈ నాలుగు రంగాలనూ ముందుగా ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరులో దానికోసం పోర్టల్ కూడా మొదలైంది. విడిభాగాలు దొరకాలి, బాగుచేసే వివరాలు అందరికీ అందాలి అన్నది దాని ఆశయం. మంచిదే. కానీ విడిభాగం చేతికొచ్చాక అది నిలబడాల్సిన రాగే లేచిపోతే ఆ హక్కుతో ఏం చేసుకుంటాం?

ఇది ఒక్క రైతు సమస్యే కూడా కాదు. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి, రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. ఒక్క ఐసీ పోయిందని మొత్తం బోర్డు పారేయకుండా ఉంటే ఆ గుట్ట కొంతైనా తగ్గుతుంది.

మళ్లీ కొట్టు దగ్గరికి వద్దాం. చీకటి పడింది. భయపడ్డదే జరిగింది. ఐసీతోపాటు రెండు ప్యాడ్లు లేచొచ్చాయి. మెకానిక్ అద్దం కళ్లకు పెట్టుకుని, పచ్చ పూతను బ్లేడుతో గీరి, వెంట్రుకలాంటి రాగి తీగతో జంపర్లు వేశాడు. పైన చుక్క జిగురు పెట్టాడు. కరెంటిచ్చి చూస్తే రిలే ‘టక్’మంది.

‘‘పనిచేస్తుంది బాబాయ్. కానీ ఇంకోసారి పోతే మాత్రం నా చేతిలో లేదు.’’

రైతు బోర్డును మళ్లీ తువ్వాలులో చుట్టుకున్నాడు. ఈసారికి తోట గట్టెక్కింది. ఇంకోసారి సంగతి నిజంగానే ఆ మెకానిక్ చేతిలో లేదు. ఎక్కడో కంప్యూటరు ముందు కూర్చుని, జాబితాలోంచి ఒక పాదముద్రను ఎంచుకోబోతున్నవాళ్ల చేతిలో ఉంది.